బ్యాటింగ్ ముక్కల లెక్క: 1,860 గ్రాముల నుంచి 529 దాకా

బొంతలో పై గుడ్డకీ కింది గుడ్డకీ మధ్య పరిచే మెత్తటి పీచు పొరని, అంటే బ్యాటింగ్‌ని పై గుడ్డ కన్నా ప్రతి వైపూ రెండు అంగుళాలు ఎక్కువగా కత్తిరిస్తాం. కుట్టు పూర్తయ్యాక ఆ ఎక్కువంతా పట్టీలుగా ఊడివస్తుంది. పారేయడానికి మనసొప్పదు, వాడటానికి కుదరదు. అలా నా దగ్గర మూడు సంచులు పోగయ్యాయి. వాటిని ఖాళీ చేసిన పనికి ఇది డైరీ. ఇదే పని పెట్టుకున్నవాళ్లు నేను చేసిన తప్పులు మళ్లీ చేయకూడదని కొలతలతో సహా రాస్తున్నాను.

వాడినవి: వంటింటి డిజిటల్ తూకం, రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు కత్తి), కటింగ్ మ్యాట్, 24 అంగుళాల స్కేలు, జిగ్‌జాగ్ ఉన్న మామూలు కుట్టు మిషన్, వాకింగ్ ఫుట్ (పై పొరనీ కింది పొరనీ సమానంగా జరిపే ఫుట్), 90/14 సైజు సూదులు, కాటన్ దారం, సీమ్ రిప్పర్ (కుట్లు విప్పేది), ఇస్త్రీ పెట్టె, మెత్తటి పెన్సిల్.

దశ 1: తూకం, వేరుచేయడం (1, 2 రోజులు)

సంచులు నేల మీద కుమ్మరించి ముందుగా అయస్కాంతం తిప్పాను. మూడు గుండుసూదులు, ఒక విరిగిన సూదిమొన దొరికాయి. ఇది మానకండి. బ్యాటింగ్‌లో దిగిన సూదిమొన కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది.

తర్వాత చేత్తో తాకి వేరుచేశాను. కాటన్ కాస్త బరువుగా, పల్చటి కంబళిలా ఉంటుంది, నొక్కితే అణిగే ఉంటుంది. పాలిస్టర్ తేలిక, నొక్కి వదిలితే పైకి లేస్తుంది, వేళ్ల మధ్య రుద్దితే సన్నగా కీచుమంటుంది. ఉన్ని కూడా లేస్తుంది, కానీ రుద్దితే చప్పుడు రాదు, చేతికి వెచ్చగా ఉంటుంది. 80/20 అనేది 80 శాతం కాటన్, 20 శాతం పాలిస్టర్ కలిపినది. దాన్ని కాటన్ నుంచి చేత్తో గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం. నా దగ్గర కొన్నిటికి పాత కవరు చీటీ మిగిలింది కాబట్టి సరిపోయింది.

మొదటి తూకం:
కాటన్: 640 గ్రా.
80/20: 520 గ్రా.
పాలిస్టర్: 410 గ్రా.
ఉన్ని: 90 గ్రా.
ఏదో తెలియనివి: 200 గ్రా.
మొత్తం: 1,860 గ్రా.

తూకం ఎందుకంటే, వంకరటింకర ముక్కల వైశాల్యం కొలవలేం. ఒక మంచి ముక్కలోంచి సరిగ్గా 10 × 10 అంగుళాల చదరం కత్తిరించి తూచండి. నా కాటన్ 10 గ్రాములు, 80/20 11, పాలిస్టర్ 9 తూగాయి. అంటే నా కాటన్‌లో ఒక గ్రాము పది చదరపు అంగుళాలు. 36 × 45 అంగుళాల బొంతకి అంచులతో కలిపి 40 × 49 బ్యాటింగ్ పరుపు కావాలంటే 1,960 చదరపు అంగుళాలు, అంటే 196 గ్రాములు. ఉన్నది సరిపోతుందో లేదో పది సెకన్లలో తేలిపోతుంది. మీ బ్యాటింగ్ మందం వేరైతే అంకె మారుతుంది, చదరం మాత్రం మీరే కత్తిరించి తూచాలి.

దశ 2: నిప్పు పరీక్ష (3వ రోజు)

తెలియని 200 గ్రాముల కోసం. కిటికీ తెరిచి, స్టీలు పళ్ళెం, పక్కన నీళ్లు, చేతిలో పట్టకారు.

1. ముక్కలోంచి గోరంత పీచు లాగి, గట్టిగా నలిపి పోగులా చేయాలి.
2. పట్టకారుతో పట్టుకుని మంటకి పక్కనుంచి దగ్గరగా తేవాలి.
3. మంట అంటాక వెంటనే బయటికి తీసి వాసన, బూడిద చూడాలి.

కాటన్ వెంటనే అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద మెత్తగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. పాలిస్టర్ మంట తగలకముందే ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక నల్లటి గట్టి పూస మిగులుతుంది. ఉన్నికి వెంట్రుకలు కాలిన వాసన, మంట తీయగానే దానంతటదే ఆరిపోతుంది.

ఇక్కడ నాకు తప్పు ఫలితాలు వచ్చాయి. ఆరు ముక్కలకి బూడిద, పూస రెండూ వచ్చాయి. అన్నిటినీ 80/20 అని రాసేశాను. ఏడో ముక్క చింపుతుంటే లోపలినుంచి సాలెగూడు లాంటి సన్నటి పొర విడిగా ఊడివచ్చింది. దాన్ని స్క్రిమ్ అంటారు. పీచు కదలకుండా పట్టి ఉంచడానికి వేసే సింథటిక్ పొర అది. నేను కాల్చినదాంట్లో పూస కట్టింది పీచు కాదు, ఆ పొర. ఆరు ముక్కల్నీ మళ్లీ తీసి, పొర ఊడదీసి ఒట్టి పీచు మాత్రమే కాలిస్తే నాలుగు శుభ్రమైన కాటన్ అని తేలింది. మిగతా రెండూ ఎటూ తేలలేదు.

200 గ్రాములు ఇలా విడిపోయాయి: కాటన్ 70, పాలిస్టర్ 85, తేలనివి 45.
లెక్క: కాటన్ 710, 80/20 520, పాలిస్టర్ 495, ఉన్ని 90, తేలనివి 45. మొత్తం 1,860.

తేలని 45 గ్రాముల మీద పెద్దక్షరాలతో చీటీ పెట్టాను. ఆ చీటీని నేనే పట్టించుకోకపోవడం ఐదో దశలో వస్తుంది.

దశ 3: కుంచించుకునే కొలత (4, 5 రోజులు)

తూకానికి కత్తిరించిన మూడు చదరాలనే వాడాను. ఒక్కొక్కటీ 254 × 254 మి.మీ. పొడవు దిక్కున బాణం గీశాను. రోల్ విప్పుతూ పోయే దిక్కు పొడవు, రెండు చేతులతో లాగితే తక్కువ సాగేది అదే. అడ్డం దిక్కు ఎక్కువ సాగుతుంది. గోరువెచ్చని నీళ్లలో అరగంట ముంచి, పిండకుండా తువ్వాల్లో ఒత్తి, పరిచి ఆరబెట్టాను. పిండితే ముక్క ఆకారం పోయి కొలతకి అర్థం ఉండదు. మొదటిసారి పిండాను, ఒక మూల చేతిలోకి వచ్చేసింది, ఆ చదరం మళ్లీ కత్తిరించాల్సి వచ్చింది. చెడినదాన్ని కాటన్ కుప్పలోనే తిరిగి వేశాను.

ఆరాక:
కాటన్: పొడవు 243, అడ్డం 246. అంటే 4.3 శాతం, 3.1 శాతం.
80/20: పొడవు 247, అడ్డం 249. అంటే 2.8 శాతం, 2 శాతం.
పాలిస్టర్: 254, 254. మార్పు లేదు.

ఈ పట్టికే ఈ పని మొత్తానికి ఆధారం. 45 అంగుళాల పొడవులో 4.3 శాతం అంటే దాదాపు రెండు అంగుళాలు. ఒకే బొంతలో ఒక పట్టీ రెండు అంగుళాలు కుంచించుకుని, పక్క పట్టీ కదలకుండా ఉంటే ఏం జరుగుతుందో ఊహించండి. అందుకే జాతి కలపకూడదు, పొడవు బాణాలన్నీ ఒకే దిక్కున ఉండాలి. ఆ రోజే ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో బాణం గీశాను. రెండు గంటలు పట్టింది, విసుగు పుట్టింది, కానీ తర్వాత అన్నిటికన్నా అక్కరకొచ్చిన పని అదే.

వాడింది: 30 గ్రా. మిగిలింది: 1,830 గ్రా. (కాటన్ 700, 80/20 509, పాలిస్టర్ 486, ఉన్ని 90, తేలనివి 45)

దశ 4: అతుకు వేసే పద్ధతులు (6 నుంచి 10 రోజులు)

నాలుగు పద్ధతులు. ప్రతిదానికీ 36 అంగుళాల అతుకు. వేశాక పైనా కిందా గుడ్డ పెట్టి మూడంగుళాల దూరంలో గీతలు కుట్టి, ఉతికి చూశాను.

మొదటిది, ఒకదాని మీద ఒకటి అర అంగుళం ఎక్కించి మామూలు కుట్టు. మందం అక్కడ రెట్టింపైంది. గుడ్డ మీద చేత్తో రాస్తే గట్టు తగులుతుంది, ఉతికాక గట్టు ఇంకా తేలింది. పనికిరాదు. అంచు పక్కన అంచు ఆనించి అతకడమే దారి.

రెండోది, అంచులు ఆనించి మిషన్ జిగ్‌జాగ్. దీనిమీదే మూడు రోజులు పోయాయి. మొదట వెడల్పు 5, పొడవు 2, పై దారం టెన్షన్ (బిగువు) 4 పెట్టాను. కుట్టు చూడటానికి బాగానే ఉంది, బల్ల మీద పరిస్తే అతుకు పొడవునా అలలు లేచాయి. టేపు పెడితే 36 అంగుళాల అతుకు 37¼ అయింది. దగ్గర దగ్గర కుట్లు పీచుని పక్కకి తోస్తున్నాయి, పైనుంచి ప్రెషర్ ఫుట్ నొక్కి సాగదీస్తోంది, గుడ్డని జరిపే కింది పళ్ళు ముందుకి లాగుతున్నాయి. ఒక్కొక్కటే మార్చాను:

1. కుట్టు పొడవు 2 నుంచి 4కి. అతుకు 36¾.
2. మామూలు ఫుట్ తీసి వాకింగ్ ఫుట్. 36⅜.
3. ఫుట్ ఒత్తిడి స్క్రూ రెండు చుట్లు వదులు. 36⅛.

అక్కడితో ఆపాను. ఆ ఎనిమిదో వంతు అంగుళం ఆవిరి ఇస్త్రీకి సర్దుకుంది.

ఇంకో సంగతి టెన్షన్. 4 మీద ఉన్నప్పుడు దారం రెండు అంచుల్నీ దగ్గరికి లాగి ఒకదాని మీదకి ఒకటి ఎక్కిస్తోంది. అంటే ఆనించి కుట్టినా మళ్లీ గట్టే వస్తోంది. టెన్షన్ 2.5కి దించాక అంచులు పుస్తకం తెరిచినట్టు చదునుగా పడ్డాయి. కుట్టాక అతుకుకి రెండువైపులా పట్టుకుని మెల్లగా లాగి చూడండి. అంచుల మధ్య సన్నటి గీత కనిపించీ కనిపించనట్టు ఉంటే సరైన టెన్షన్.

నాలుగు మీటర్లు కుట్టేసరికి కుట్లు తప్పడం మొదలైంది. సూది మార్చాను, దారం మార్చాను, లాభం లేదు. సూదిపళ్ళెం విప్పి చూస్తే కింది పళ్ళ మధ్య నూగు నమదాలా గట్టిపడి ఉంది. అగ్గిపుల్లంత మందం. దాన్ని పట్టకారుతో ఎత్తితే పళ్ళ అచ్చు పడిన చిన్న పలకలా ఒకే ముక్కగా వచ్చింది, బాబిన్ కేసు చుట్టూ ఇంకో వలయం. గుడ్డ మధ్యలో దాగని ఒట్టి బ్యాటింగ్‌ని కుట్టడం వల్ల మిషన్‌కి పడే భారం ఇది. అప్పటినుంచి ప్రతి మూడు మీటర్లకీ ఆపి బ్రష్‌తో తీస్తున్నాను. నోటితో ఊదకండి, లోపలికి ఇంకా దూరుతుంది.

మూడోది, చేత్తో చేపముల్లు కుట్టు. ఎడమ నుంచి కుడికి, ఒక కుట్టు పై ముక్కలో, ఒక కుట్టు కింది ముక్కలో, దారాలు ఒకదాన్నొకటి దాటుతూ. కుట్ల మధ్య అర అంగుళం. 36 అంగుళాలకి 25 నిమిషాలు పట్టింది, మిషన్ మీద నాలుగే నిమిషాలు. కానీ ఉతికాక అతుకు ఎక్కడుందో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. ఉబ్బుగా ఉన్న పాలిస్టర్‌కి, ఉన్నికి ఇదే మేలు. మిషన్ వాటిని అణచేస్తుంది.

నాలుగోది, ఇస్త్రీకి అంటుకునే పల్చటి ఫ్యూజింగ్ గుడ్డని ఒకటిన్నర అంగుళం పట్టీలుగా కత్తిరించి అతుకు మీద వేయడం. కాటన్ మీద చక్కగా పట్టుకుంది, సాగలేదు. అదే ఇస్త్రీ పెట్టెతో, కాటన్ వేడి మీదే, పరధ్యానంగా పాలిస్టర్ మీదకి వెళ్లాను. పెట్టె ఎత్తేసరికి దాని ఆకారం మొత్తం బ్యాటింగ్‌లో దిగిపోయి మెరుస్తోంది, ప్లాస్టిక్ వాసన. తాకితే అట్టముక్కలా గట్టిగా ఉంది. పాలిస్టర్ పూర్తిగా కరగాలంటే 250 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి, కానీ అంతకు చాలా ముందే మెత్తబడి అణిగిపోతుంది, మళ్లీ లేవదు. పెట్టె అడుగు శుభ్రం చేయడానికి అరగంట. అప్పుడే కాటన్, పాలిస్టర్ ముక్కల్ని వేర్వేరు గదుల్లో పెట్టుకున్నాను.

నిర్ణయం: కాటన్‌కీ 80/20కీ మిషన్ జిగ్‌జాగ్, పాలిస్టర్‌కీ ఉన్నికీ చేపముల్లు. ఫ్యూజింగ్ చిన్న మరమ్మతులకి మాత్రమే.

ఇంకో మెరుగు. తిన్నగా కోసిన అతుకు, బొంత కుట్టు గీతకి సమాంతరంగా పడితే, అక్కడే మడత పడుతోంది. అందుకని రెండు ముక్కల్నీ ఒకటిన్నర అంగుళం ఎక్కించి, రెండు పొరలూ ఒకేసారి తెగేలా రోటరీ కట్టర్‌తో మెల్లటి అలలా కోశాను. పైదీ కిందదీ పనికిరాని పీలికలు తీసేస్తే రెండు అంచులూ తాళంచెవిలా కుదురుతాయి. వంపు లోతు ఒక అంగుళం దాటితే ఫుట్ కింద తిప్పడం కష్టం.

వాడింది: 90 గ్రా. (కాటన్ 50, పాలిస్టర్ 40). మిగిలింది: 1,740 గ్రా.

దశ 5: మొదటి పరుపు, కాటన్, 40 × 49 (11 నుంచి 17 రోజులు)

ఆరు అంగుళాల కన్నా వెడల్పున్న పట్టీలు మాత్రమే తీసుకున్నాను. ఇంకా సన్నవి కలిపితే అతుకులే ఎక్కువై బొంత బిరుసెక్కుతుంది.

1. బాణాలన్నీ ఒకే దిక్కున ఉండేలా నేల మీద పరవాలి.
2. ఇటుకల గోడలా అతుకులు తప్పించాలి. నాలుగు మూలలు ఒకే చోట కలవకూడదు.
3. పొట్టి అతుకులు ముందు, పొడుగు అతుకులు తర్వాత.
4. ప్రతి అతుక్కీ ఆవిరి పట్టి, చల్లారేదాకా కదపకూడదు.
5. మొత్తం అయ్యాక ఒక రాత్రి పరిచి ఉంచి, మర్నాడు మూలలు సరిచేసి కోయాలి.

అతుకులు మొత్తం 7 మీటర్లు, సమయం 3 గంటల 10 నిమిషాలు.

పరచిన కాటన్ సరిపోలేదు. వెడల్పైన పట్టీలు అయిపోయాయి, ఒక మూలలో 11 × 10 అంగుళాల ఖాళీ మిగిలింది. చీటీ పెట్టిన తేలని కుప్పలో సరిగ్గా ఆ కొలత ముక్క ఉంది. చేతికి కాటన్‌లాగే ఉంది. పదకొండు గ్రాములే కదా అని వేసేశాను.

బొంత కుట్టి, అంచు పట్టీ వేసి, ఉతికి ఆరేశాను. తీసేటప్పుడే తెలిసిపోయింది. మిగతా బొంతంతా సన్నటి ముడతలతో ఒకే తీరుగా కుంచించుకుంటే, ఆ ఒక్క మూల నున్నగా, దిండులా ఉబ్బి నిలబడింది. దాని అంచు వెంట పై గుడ్డ బిగుసుకుని నక్షత్రంలా లాగుతోంది. స్కేలు పెట్టి చూశాను: ఆ మూలలో కుట్టు గీతల మధ్య దూరం 76 మి.మీ., కుట్టినప్పుడున్న మూడంగుళాలే. పక్కన 73.

విప్పడం తప్పలేదు. అంచు పట్టీ 22 అంగుళాల మేర, బొంత కుట్టు గీతలు ఏడు, ఆ తర్వాత లోపలి జిగ్‌జాగ్. పై గుడ్డ తెగకుండా ఒక్కో కుట్టునీ విప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కొత్త ముక్క పెట్టేముందు ఒక విషయం తట్టింది, లేకపోతే ఇంకోసారి చెడేది. చుట్టూ ఉన్న కాటన్ ఇప్పటికే కుంచించుకుంది. కొత్త కాటన్ ముక్క ఇప్పుడు వేస్తే వచ్చే ఉతుకులో అది ఒక్కటే కుంచించుకుంటుంది. అందుకని సన్న పట్టీలు రెండు అతికి 11 × 10 ముక్క చేసి, ముందే నానబెట్టి ఆరేశాను. 267 × 246 మి.మీ. అయింది. ఖాళీ కొలిస్తే అటూఇటూగా అంతే. చేపముల్లుతో లోపల అతికి, గీతలు మళ్లీ కుట్టాను. రెండో ఉతుకు తర్వాత ఆ మూల తెలియడం లేదు.

తీసిన 11 గ్రాములు మళ్లీ తేలని కుప్పలోకే వెళ్లాయి.
వాడింది: కాటన్ 196 గ్రా. మిగిలింది: 1,544 గ్రా. (కాటన్ 454, 80/20 509, పాలిస్టర్ 446, ఉన్ని 90, తేలనివి 45)

దశ 6: రెండో పరుపు, 80/20, అదే కొలత (18 నుంచి 22 రోజులు)

జాతి ఒక్కటే, బాణాలు సరిగ్గానే ఉన్నాయి, అతుకులు చదునుగా వచ్చాయి. ఈసారి పై గుడ్డ ముదురు నీలం. కుట్టడం సగమయ్యాక ఒక పట్టీ మేర, ఎనిమిది అంగుళాల వెడల్పున, నీలం మీద తెల్లటి నూగు మొలిచింది. దులిపితే పోలేదు, గుడ్డలోంచి బయటికి పొడుచుకొస్తోంది.

కారణం ఆ పట్టీ తిరగబడటం. ఇలాంటి బ్యాటింగ్‌ని వేల సూదులతో గుచ్చి పీచుని చిక్కుపెట్టి తయారుచేస్తారు. సూదులు దిగిన వైపు చిన్న గుంటలు ఉంటాయి, బయటికొచ్చిన వైపు సన్నటి బొడిపెలు, పీచు కొసలు. మన సూది కూడా అదే దారిలో, అంటే గుంటలున్న వైపు నుంచే దిగాలి. తిరగేసి పెడితే ప్రతి కుట్టూ పీచు కొసల్ని గుడ్డలోంచి పైకి లాగుతుంది. స్క్రిమ్ పొర ఉన్నదైతే ఆ పొర వైపు కిందికి. లేత రంగు గుడ్డ మీద ఇది కనపడదు కాబట్టి మొదటి బొంతలో ఎన్ని తిరగబడ్డాయో నాకు తెలియదు.

అప్పటికే కుట్టేసినది విప్పలేదు. సన్నటి కత్తెరతో నూగు కత్తిరించాను, రెండు ఉతుకుల తర్వాత సగానికి సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పటినుంచి బాణాన్ని గుంటలున్న వైపు మాత్రమే గీస్తున్నాను. బాణం కనిపిస్తే పైవైపు, కనిపించకపోతే తిరగబడినట్టు. రెండు సమాచారాలూ ఒక్క గీతలో వస్తాయి.

వాడింది: 216 గ్రా. మిగిలింది: 1,328 గ్రా.

దశ 7: చిన్న చదరాలు (23 నుంచి 26 రోజులు)

కోస్టర్లు (కప్పు కింద పెట్టేవి): 4½ అంగుళాలవి 24, కాటన్‌తో, 48 గ్రా. వీటి గురించి చెప్పేది ఒక్కటే. బ్యాటింగ్‌ని గుడ్డ కన్నా చుట్టూ పావు అంగుళం తక్కువ కోయాలి. సమానంగా కోసిన మొదటి నాలుగింటికీ తిప్పాక మూలలు ఉండల్లా తయారయ్యాయి.

వేడి గిన్నెలు దించుకునే పట్టుగుడ్డలు: 8 అంగుళాలవి ఆరు. ఇక్కడ పాలిస్టర్ వద్దేవద్దు, నాలుగో దశలో ఇస్త్రీ పెట్టె కింద ఏమైందో చూశాను కదా. అప్పుడే మరిగిన నీళ్లున్న స్టీలు గిన్నెని అరచేతిలోని పట్టుగుడ్డ మీద పెట్టి, చురుక్కుమనేదాకా లెక్కపెట్టాను.

కాటన్ ఒక పొర: 8 సెకన్లు
కాటన్ రెండు పొరలు: 17
రెండు కాటన్ పొరల మధ్య ఉన్ని: 40 దాటింది, ఆపేశాను
అదే మూడు పొరలది, తడిపాక: 5

ఆఖరి అంకె గుర్తుంచుకోండి. తడిసిన పట్టుగుడ్డ ఎంత మందంగా ఉన్నా వేడిని ఆపదు.

మైక్రోవేవ్‌లో గిన్నె కింద పెట్టే తొడుగులు కూడా కుడదామనుకున్నాను, మానేశాను. అందులోకి గుడ్డ, బ్యాటింగ్, దారం అన్నీ నూటికి నూరు శాతం కాటన్ అయి ఉండాలి. నా కాటన్ ముక్కల్లో సగానికి స్క్రిమ్ పొర ఉంది. ఖచ్చితంగా తెలియని ముక్కతో ఆ పని చేయను.

వాడింది: కాటన్ 48 + 77, ఉన్ని 36. మిగిలింది: 1,167 గ్రా.

దశ 8: సన్న పట్టీల చాప (27 నుంచి 34 రోజులు)

80/20లో మిగిలినవన్నీ సన్నవే. 2¼ అంగుళాల వెడల్పున 260 గ్రాములు కోస్తే దాదాపు 27 మీటర్లు వచ్చాయి. 2½ అంగుళాల గుడ్డ పట్టీ మధ్యలో దీన్ని పెట్టి, రెండు అంచులూ మధ్యకి మడిచి, మళ్లీ సగానికి మడిచి కుడితే లావుపాటి తాడులా వస్తుంది. దాన్ని కోడిగుడ్డు ఆకారంలో చుట్టుకుంటూ, వరస పక్కన వరస జిగ్‌జాగ్‌తో కలపాలి. నేననుకున్న కొలత 24 × 33 అంగుళాలు. మధ్య తిన్నటి వరస పొడవు ఈ రెండింటి తేడా, 9 అంగుళాలు.

90/14 సూదులు రెండు విరిగాయి. 100/16కి మారాక విరగలేదు.

ఏడో చుట్టుకి చాపని బల్ల మీద పెడితే మధ్యభాగం 12 మి.మీ. పైకి లేచి ఉంది. గిన్నె బోర్లించినట్టు. వంపుల దగ్గర తాడుని నేను తెలియకుండానే లాగుతున్నాను, బయటి వరస పొట్టిదై లోపలిదాన్ని బిగిస్తోంది. మూడో చుట్టు దాకా విప్పాను. రెండోసారి వంపుల్లో ప్రతి మూడు కుట్లకీ సూది దించి, ఫుట్ ఎత్తి, తాడు దానంతటదే పడేలా వదిలాను. మిషన్ బల్ల ఎత్తుకి ఎడమవైపు పుస్తకాలు పేర్చి చాప బరువు వేలాడకుండా చూశాను. పూర్తయ్యాక లేచింది 3 మి.మీ. మాత్రమే, ఆవిరికి అణిగింది. మరీ వదులైతే అంచు కుచ్చిళ్లలా అలలు పోతుంది, పదిహేనో చుట్టులో ఒకచోట అలా వచ్చింది కూడా.

పట్టీల కొసల్ని గుడ్డ లోపల ఎక్కించకండి, ఆనించండి. ఎక్కించిన చోటల్లా కాలికి ఉండ తగులుతుంది.

వాడింది: 260 గ్రా. మిగిలింది: 907 గ్రా.

దశ 9: తునకలు (35, 36 రోజులు)

పాలిస్టర్ తునకలు 300 గ్రా., తేలని 45, 80/20లో మిగిలిన 33. ఇక్కడ జాతి కలిసినా నష్టం లేదు, ఏదీ కుంచించుకుని దేన్నీ లాగదు. కింద కూర్చునే దిండులోకి నింపాను. రెండంగుళాల ముక్కలుగా నింపితే రాళ్లమూటలా అయింది. అంతా బయటికి తీసి ఒక సెంటీమీటరు కన్నా చిన్నగా కోసి, చేత్తో పీచు విడదీసి మళ్లీ నింపాను. కోయడానికే మూడు గంటలు పట్టింది, బొటనవేలి మొదట్లో పొక్కు లేచింది. రోటరీ కట్టర్‌తో పట్టీలు పేర్చి కోస్తే కత్తెర కన్నా త్వరగా అవుతుంది, ఆ సంగతి చివరి గంటలో తెలిసింది.

వాడింది: 378 గ్రా. మిగిలింది: 529 గ్రా.

ఇప్పుడున్నవి (37వ రోజు)

కాటన్ 329 గ్రా. బొంత అవసరం వచ్చేదాకా ఆగకుండా వీటిని ముందే అతికాను. ఆరంగుళాల నియమం ఇక్కడ కుదరలేదు, మిగిలినవన్నీ నాలుగైదు అంగుళాలవే. వేలాడదీసి చూస్తే కాస్త బిరుసుగానే ఉంది, కాబట్టి ఇది ఒంటిమీద కప్పుకునే బొంతకి కాదు, పక్క మీద పరిచే బొంతకి. 45 అంగుళాల వెడల్పు, 71 పొడవు, చుట్టి పెట్టాను. సరిచేసినప్పుడు పోయిన 9 గ్రాములు గుండుసూదుల దిండు కోసం పక్కన ఉన్నాయి.

ఉన్ని 54 గ్రా., ఇంకో తొమ్మిది పట్టుగుడ్డలకి.

పాలిస్టర్ 146 గ్రా. పెద్ద ముక్కలు నాలుగే. చేపముల్లుతో అతకాలి, ఇంకా మొదలుపెట్టలేదు.

చుట్టకి పిన్నీసుతో గుచ్చిన చీటీ మీద రాసింది ఇది: "కాటన్ 100. స్క్రిమ్ కొన్నిటికి ఉంది. నానబెట్టలేదు. పొడవు 4.3, అడ్డం 3.1. బాణం ఉన్నది పైవైపు." కొత్త బొంత కత్తిరించిన రోజే అంచుల పట్టీలకీ ఇలాంటి చీటీ గుచ్చుతున్నాను. ఈ వారం రెండు గుచ్చాను.